రాజుగారి ఎడమ బూటు

రేడియో స్టేషన్లో అతన్ని అందరూ చప్పుళ్ళాయన అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండేది. ఎప్పుడో ఒకసారి ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే, ఎవర్ని పిలుస్తున్నారా అని అతనే పక్కకి తిరిగి చూసేవాడు.

చేసే పని అదే మరి. నాటకంలో వాన కురవాలంటే జల్లెడలో ఎండు బఠాణీలు తిప్పాలి. గుర్రం దౌడు తీయాలంటే రెండు కొబ్బరి చిప్పలు కావాలి. ఉరుముకి రేకు, మంటకి నలిపిన మెరుపు కాగితం, గాలికి గుడ్డ చుట్టిన చక్రం. స్టూడియోలో ఒక మూల అతని రాజ్యం. అందులో గోడ లేని ఒక తలుపు, ఎక్కడికీ వెళ్ళని మూడు మెట్లు, కంకర పోసిన పెట్టె, ఇసుక పోసిన పెట్టె, ఒక చెక్క పలక, బుట్టెడు పాత బూట్లూ చెప్పులూ ఉండేవి.

మనిషి మాత్రం మహా పిరికి. చిన్నప్పుడు నాటకాల కంపెనీలో సేవకుడి వేషం కట్టి, "చిత్తం మహాప్రభో" అనే ఒక్క మాట మరిచిపోయి, తెర వెనక్కి పారిపోయాడు. ఆ పరుగులో ఇత్తడి పళ్ళెం ఒకటి కాలికి తగిలి ఖంగుమంటే, అది నాటకంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారట. ఆనాటి నుంచీ తెర వెనకే స్థిరపడిపోయాడు. ఇంత చేసీ, తన చప్పుళ్ళకి తానే ఉలిక్కిపడేవాడు. రేకు ఊపి ఉరుము పుట్టించేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకునేవాడు.

ఉద్యోగం పర్మనెంటు కాదు. ఏడాదికేడాది పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఎండలు ముదిరేముందు పెద్దసారు "ఉండనివ్వండి" అంటే మరో ఏడాది ఉండేవాడు. ఆ ఏడు ఆ మాట ఇంకా రాలేదు. పైగా, చప్పుళ్ళన్నీ ఇప్పుడు రికార్డుల మీదే దొరుకుతున్నాయనీ, ఇంక మనిషెందుకనీ పైఆఫీసులో అనుకుంటున్నట్టు ఒక పుకారు పుట్టింది. ఇంట్లో భార్య, చదువుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు. బఠాణీలు తిప్పడం తప్ప వేరే విద్య లేదు. ఇదీ అతని పరిస్థితి.

పెద్దసారు చెడ్డవారు కారు. ఎవరిమీదా గొంతెత్తి ఎరగరు. అసలు భయం అదే. తలుపు దగ్గర నిలబడి, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఊఁ" అనేవారు. ఆ ఊఁకి అర్థమేమిటో ఎవరికి వారు సాయంత్రం దాకా తలలు బద్దలుకొట్టుకోవాలి. ఆయనకో నడక ఉండేది. కుడికాలు టప్పున పడేది. ఎడమకాలు నేలని రాసుకుంటూ వెనకాలే వచ్చి, చివర్లో కిర్రుమనేది. టప్... స్స్... కిర్ర్. ఏ గదిలోకైనా అడుగుపెట్టేముందు గుమ్మం బయట ఒక్క క్షణం ఆగేవారు.

నడవా మొదట్లో ఆ కిర్రు వినబడగానే స్టేషనంతా మేలుకునేది. టీ కప్పులు బల్లల కిందకి దిగేవి. పేపర్లు మడతపడేవి. వార్తలు చదివేవాడు కునుకు ఆపి కళ్ళజోడు తుడుచుకునేవాడు. టైపు మిషన్లు టకటకలాడేవి. ఇది ఎవరూ కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న ఏర్పాటు కాదు. చెవి వింటే చెయ్యి చేసేసేది, మధ్యలో బుర్రకి పనే లేదు. ఇంతమందిమి ఇన్నేళ్ళుగా ఒక బూటు మాట వింటున్నామని ఒక్కరికీ తోచలేదు.

అలా ఉండగా కాలేజీలో పాఠం చెప్పే లెక్చరరుగారొకరు ఒక నాటకం రాసుకొచ్చారు. బళ్ళో అందరూ కంఠతా పట్టే మహాకావ్యం ఉందే, మహారాజు నది దాటి వెళ్ళి ఏళ్ళ తరబడి యుద్ధం చేసి గెలిచి వస్తాడే, దాన్ని తలకిందులు చేశారాయన. ఈయన రాజుకి నీళ్ళంటే భయం. నది దాటనే లేదు. తన కోట అటకమీదే దాక్కుని, కవుల్ని పిలిపించి, ఇవాళ ఇన్ని తలలు నరికాను, రేపు ఇన్ని నరుకుతాను అని రాయించుకుంటూ ఉంటాడు. మంత్రులంతా కింద సభలో చేరి నవ్వుకుంటూ ఉంటారు. అప్పుడప్పుడు రాజు అటక దిగి వస్తాడు. ఆ అడుగుల చప్పుడు వినగానే సభ గప్‌చిప్. నాటకమంతా ఆ చప్పుడు మీదే నిలబడి ఉంది.

టేపు మిషను పాడై రిపేరుకి వెళ్ళింది కాబట్టి, నాటకం ఆదివారం మధ్యాహ్నం నేరుగా ప్రసారం. తప్పు చేస్తే దిద్దుకునే వీల్లేదు.

మొదటి రిహార్సల్లో చప్పుళ్ళాయన బరువైన బూట్లు తొడుక్కుని దర్జాగా నడిచాడు.

"ఇది రాజు నడకేమిటండీ? అద్దె అడగడానికొచ్చిన ఇంటాయన నడక," అన్నారు లెక్చరరుగారు.

మెల్లగా నడిచాడు.

"ఇప్పుడు పెళ్ళికొడుకు."

గట్టిగా నడిచాడు.

"పెళ్ళికొడుకు మామ. అలక కూడా తీరలేదు. నాకు భయం కావాలండీ, భయం! అసలు మీకు భయమంటే ఏమిటో తెలుసా?"

చప్పుళ్ళాయనకి తెలియని భయమా! "రేపటికి చూస్తానండీ," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో వంటింటికీ ముందుగదికీ మధ్య రకరకాల బూట్లతో పచార్లు చేశాడు. పిల్లలు చదువు మానేసి చెవులు మూసుకున్నారు. భార్య వంటింట్లోంచే, "ఏమిటా తిరుగుడు? ఎవర్ని తరమడానికి?" అంది. ఏదీ కుదరలేదు. మర్నాడు రిహార్సల్లో ఇంక ఆలోచించడం మానేసి, బుట్టలో చేతికి దొరికిన జత తొడుక్కుని, వినగానే తన కాళ్ళు చల్లబడిపోయే చప్పుడు ఎలా ఉంటుందో అలా నడిచాడు.

టప్... స్స్... కిర్ర్. టప్... స్స్... కిర్ర్. గుమ్మం బయట ఒక్క క్షణం ఆగడం.

మంత్రి వేషగాళ్ళు ఇద్దరూ చటుక్కున లేచి నిలబడ్డారు. సేనాపతి టీ కప్పుని కాలితో కుర్చీ కిందకి తోశాడు. అసలు ఆ నడక ఎవరిదో ఆ రాజు వేషగాడే చొక్కా పైగుండీ పెట్టుకుని తలుపుకేసి చూశాడు. తలుపు తెరుచుకోలేదు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుని పకపకా నవ్వారు.

"నిజంగా రాజొచ్చినట్టే ఉంది!"

"నా ఒళ్ళు చూడు, ఎలా గగుర్పొడిచిందో!"

లెక్చరరుగారు పరుగెత్తుకొచ్చి చప్పుళ్ళాయన రెండు చేతులూ పట్టుకున్నారు. "ఇదండీ! ఇదీ! ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారండీ దీన్ని?"

"ఏమోనండీ... కాళ్ళకే తోచింది," అన్నాడు చప్పుళ్ళాయన. తన బతుకులో ఎవరూ తన రెండు చేతులూ అలా పట్టుకోలేదు. ఆ పూట రెండు టీలు తాగాడు.

రెండో టీ దగ్గరే కొంప మునిగింది. అనౌన్సర్ అక్కయ్య వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆవిడ వయసులో పెద్దది. స్టేషన్లో అందరికీ అక్కయ్యే. మైకు ముందు ఆవిడ గొంతు తేనెలా ఉంటుంది, మైకు ఆపేశాక మాట సూదిలా ఉంటుంది.

"తమ్ముడూ, నీకు ధైర్యం లేదని ఎవరయ్యా అన్నది?"

"ఏం అక్కయ్యగారూ?"

"పెద్దసారు నడకని తీసుకెళ్ళి ఆ పిరికి రాజుకి తొడిగావు కదా. ఆ ఎడమకాలు ఈడ్పుతో సహా. ఊరూ వాడా వినేలా."

చప్పుళ్ళాయన నోట్లో టీ అలాగే ఉండిపోయింది. మింగనూ లేకపోయాడు, ఉమ్మనూ లేకపోయాడు.

"నీకు తెలీదా? నిజంగానా? అయ్యో నా తండ్రీ!" అక్కయ్య నవ్వు ఆపుకోలేక పైట నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలోనే అతని మొహం చూసి నవ్వు మానేసింది. "నీ పొడిగింపు సంగతి ఇంకా తేలలేదు కదూ?"

అతను తల ఊపాడు.

"నాకు తట్టింది, రేపు ఇంకొకరికి తడుతుంది. మార్చెయ్. ఎలాగైనా మార్చెయ్."

ఆరోజు నుంచీ చప్పుళ్ళాయనకి కంటిమీద కునుకు లేదు. ఉద్యోగం ఒక్కటే అయితే ఆ బాధ వేరు. ఎవరి కాలో కొద్దిగా ఈడుస్తుంటే, దాన్ని నవ్వులపాలు చేసినవాడు అనిపించుకోవడం ఇంకో బాధ. "నన్ను వెక్కిరిస్తావుటయ్యా?" అని పెద్దసారు అడిగినట్టు, తను నీళ్ళు నమిలినట్టు కళ్ళు మూస్తే కనబడేది.

తర్వాతి రిహార్సల్లో గుండె చిక్కబట్టుకుని, కుడికాలు కుంటుతూ వేరే నడక నడిచాడు. సర్వనాశనమైంది. మంత్రులు రాజు వచ్చాడని గుర్తుపట్టక మాట్లాడుతూనే ఉన్నారు. రాజు వచ్చి తన మాట మొదలుపెట్టాడు. ఇద్దరూ ముగ్గురూ ఒకేసారి అరిచారు. లెక్చరరుగారు జుట్టు పీక్కున్నారు.

"ఆ నడకేదండీ? నా నడక నాకిచ్చెయ్యండి!"

"అది కొంచెం... ఎవరిదోలా..."

"ఎవరిదైతే నాకేమిటండీ? భయం ఉందా లేదా? ఉంది! అదే ఉంచండి."

ఇంటికెళ్ళి భార్య ముందు కూలబడ్డాడు. సంగతంతా చెప్పాడు. ఆవిడ కూర తరుగుతూనే విన్నది.

"మీ పెద్దసారు నడక అంత బాగా వచ్చా మీకు?"

"తెలిసి చేసింది కాదే."

"ఇరవై ఏళ్ళు కాపరం చేశారు. నా అడుగుల చప్పుడు ఒక్కసారి చేసి చూపించండి, చూద్దాం."

అతను లేచి రెండడుగులు వేసి, తల గోక్కుని, మళ్ళీ కూర్చున్నాడు.

"అదీ సంగతి," అంది ఆవిడ కత్తిపీట పక్కకి జరిపి. "ప్రేమున్న చోట చెవి పనిచెయ్యదు, భయమున్న చోట పనిచేస్తుంది మీకు. సరే, పొండి, వెళ్ళి ఆయనకే చెప్పెయ్యండి. ఆదివారం దాకా చస్తూ బతికేకంటే అదే నయం."

"వెళ్ళమంటావా?"

"మీరు వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా?"

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. మర్నాడు చప్పుళ్ళాయన పెద్దసారు గది తలుపు తట్టాడు.

పెద్దసారు ఏదో చదువుతున్నారు. తలెత్తి, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఊఁ" అన్నారు.

రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఆ ఊఁతో ఎగిరిపోయాయి. "సార్... మీ బూటు సార్..." అన్నాడు.

"నా బూటు?"

"ఎడమది సార్."

"ఏమైంది?"

ఏమైందని చెప్పాలి? అప్పుడు, మునిగేవాడి చేతికి దుంగ దొరికినట్టు, అతని బుర్రకి ఒక ఉపాయం దొరికింది. పెద్దసారు బూటు కిర్రుమనకపోతే, ఆ రాజు నడక పెద్దసారుది ఎందుకవుతుంది?

"అడుగు ఊడేలా ఉంది సార్. నాకు తెలిసిన మంచి పనివాడున్నాడు. ఇస్తే సాయంత్రంలోగా బాగు చేయించి తెస్తాను."

పెద్దసారు వంగి తన బూట్ల వంక చూసుకున్నారు. తలెత్తినప్పుడు మొహం మెత్తబడి ఉంది. "ఇంతమంది ఉన్నారు. నువ్వొక్కడివే గమనించావయ్యా," అన్నారు.

ఆ మాట చప్పుళ్ళాయనకి ముల్లులా గుచ్చుకుంది. అయినా బూట్లు పట్టుకుని పరుగెత్తాడు. పెద్దసారు ఆ మధ్యాహ్నమంతా మేజోళ్ళతో బల్ల వెనకాల కూర్చున్నారు.

వీధి మలుపులో బూట్లు కుట్టే ముసలాయన ఎడమ బూటుని వంచి, మెలిపెట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఏం చెయ్యమంటావు?"

"నోరు మూయించు పెద్దాయనా. రెండింటిదీ. చీమ నడిచినట్టుండాలి."

"మెత్తటి రబ్బరు వేస్తా. ఎవరి వెనకాల నిలబడ్డా తెలీదు. దొంగతనానికేమన్నా వెళ్తాడా ఈ బూట్లాయన?"

ముసలాయన మాట నిలబెట్టుకున్నాడు. పెద్దసారు కొత్త అడుగులు తొడుక్కుని గదిలో అటూ ఇటూ నడిచి చూశారు. కుడికాలు టప్పుమనలేదు. ఎడమకాలు రాసుకున్నా, రాసుకున్నట్టు చెప్పలేదు. "మబ్బుమీద నడుస్తున్నట్టుందయ్యా!" అన్నారు చిన్నపిల్లాడిలా.

చప్పుళ్ళాయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. మర్నాడు స్టేషన్‌కి వెళ్ళేసరికి అక్కడ ప్రళయం వచ్చి ఉంది.

పొద్దున్నే పెద్దసారు మామూలుగానే గదులు చూడటానికి బయల్దేరారు. ఎవరికీ వినబడలేదు. వార్తలు చదివేవాడు నోరు తెరుచుకుని నిద్రపోతుంటే ఆయన పక్కనే నిలబడి, అతను లేచేదాకా ఊరికే చూస్తూ ఉన్నారట. లేచి, ఆ మొహం చూసి, కల అనుకుని, మళ్ళీ పడుకున్నాడట పాపం. గుమాస్తాలు పేకముక్కలతో దొరికిపోయారు. ఒకడు ముక్క వేస్తూ, "ఇది వెయ్యనా, మీరేమంటారు?" అని వెనకనున్న పెద్దసారునే సలహా అడిగాడు. రికార్డుల గదిలో కుర్రాళ్ళలో ఒకడు కళ్ళజోడు పైకి తోసుకుని "ఊఁ" అంటుంటే, మిగతావాళ్ళు నవ్వుతుంటే, వాళ్ళ నవ్వు వెనక నిజమైన "ఊఁ" వినబడింది.

మధ్యాహ్నానికి స్టేషన్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ప్రతివాడూ నిమిషానికోసారి వెనక్కి తిరిగి చూసుకుంటున్నాడు. అంతవరకూ భయానికి ఒక వేళా పాళా ఉండేది. నడవాలో కిర్రుమన్నప్పుడు భయపడితే చాలు, మిగతా సమయమంతా మనదే. ఇప్పుడు భయం తలుపు తట్టకుండా వచ్చేస్తోంది.

"ఎవడోగానీ ఆయన బూట్లు బాగు చేయించాడటోయ్," అన్నాడు వార్తలు చదివేవాడు క్యాంటీన్లో, ఎర్రబడ్డ కళ్ళతో. "వాడెవడో తెలిస్తేనా..."

"తెలిస్తే?" అన్నాడు చప్పుళ్ళాయన.

"నమిలి మింగేస్తాం," అన్నారు గుమాస్తాలు ఇద్దరూ ఒకేసారి.

అక్కయ్య టీ కప్పు మీదుగా చప్పుళ్ళాయన వంక ఒక చూపు చూసింది. ఇప్పుడు అతనికి రెండు వైపులా గొయ్యే. నాటకం సంగతి తెలిస్తే పెద్దసారు వదలరు, బూటు సంగతి తెలిస్తే వీళ్ళు వదలరు. మిగిలిన ఆశ ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం పెద్దసారు ఇంట్లో పడక వేస్తారని ప్రతీతి. రేడియో పెట్టుకున్నా, నిద్రలో ఏం విని చస్తారు?

ఆదివారం వచ్చింది. స్టూడియో తలుపు మీద ఎర్రబల్బు వెలిగింది. ఎర్రబల్బు వెలిగిందంటే లోపల దగ్గు వచ్చినా మింగాలి, చీమ కుట్టినా ఊరుకోవాలి. అక్కయ్య తేనె గొంతుతో నాటకం పేరు చెప్పింది. మంత్రులు మైకు చుట్టూ చేరి రాజు మీద జోకులు వేసుకున్నారు. లెక్చరరుగారు చెయ్యి ఊపారు. చప్పుళ్ళాయన చెక్క పలక ఎక్కి మొదలుపెట్టాడు.

టప్... స్స్... కిర్ర్.

మూడో అడుగు వేస్తుంటే మెడవెనక ఎవరిదో ఊపిరి తగిలింది. తల తిప్పాడు. మూరెడు దూరంలో పెద్దసారు.

ఎప్పుడొచ్చారో, ఎలా వచ్చారో. మబ్బుమీద నడిచే వచ్చి ఉంటారు. తన బూట్లు బాగు చేయించిన మనిషి పనిచేస్తుంటే ఒకసారి చూద్దామని వచ్చారు పాపం, మొహం మీద ఇంకా ఆ చిరునవ్వే ఉంది. చప్పుళ్ళాయన పైప్రాణాలు పైనే పోయాయి. ఆగిపోదామా? ఆగితే ఊరంతా వింటున్న నాటకం ఆగిపోతుంది. కాళ్ళు ఆడటం మానేస్తే బాగుండునుగానీ, అవి అలవాటుపడ్డ కాళ్ళు. టప్... స్స్... కిర్ర్.

పెద్దసారు ముందు అతని కాళ్ళ వంక చూశారు. తర్వాత మైకు దగ్గరున్న వేషగాళ్ళ వంక చూశారు. ఆ చప్పుడుకి మంత్రుల వీపులు నిటారుగా అయ్యాయి. ఒకడి చెయ్యి దానంతటదే కాలరు సర్దుకుంది. నవ్వుతున్న మొహాలు క్షణంలో, ఎవరో నీళ్ళతో కడిగినట్టు, బుద్ధిగా పనిచేసుకునే మొహాలయ్యాయి. పెద్దసారు పెదాలమీద చిరునవ్వు మెల్లగా మాయమైంది. ఆ మొహాలు ఆయనకి కొత్త కాదు. ఇన్నేళ్ళుగా ఏ గది తలుపు తెరిచినా కనబడిన మొహాలవే.

నాటకం నడుస్తూనే ఉంది. రాజు అటక దిగిన ప్రతిసారీ చప్పుళ్ళాయన పలక ఎక్కాలి. పక్కనే పెద్దసారు చేతులు కట్టుకుని నిలబడే ఉన్నారు. ఒకసారి మెట్లెక్కాలి. ఆ మూడు మెట్లూ ఉరికంబం మెట్లలా ఉన్నాయి. చివరి రంగంలో రాజు పోనీ ఈసారైనా యుద్ధానికి వెళ్దామని నది ఒడ్డు దాకా వస్తాడు, నీళ్ళలో బొటనవేలు పెడతాడు, చలికి కెవ్వుమని వెనక్కి పరుగెడతాడు. చప్పుళ్ళాయన పక్కనున్న నీళ్ళ తొట్టిలో వేలు పెట్టి, పలక మీదకి దూకి, పరుగందుకున్నాడు. ఉన్నచోటే పరుగు. కానీ అతను పరుగెత్తుతున్నది నిజంగానే. ప్రాణం అరచేతిలో పెట్టుకుని, పెద్దసారు నుంచి, గుమాస్తాల నుంచి, ఇంటి దగ్గర భార్య చూసే చూపు నుంచి, అన్నిటి నుంచీ పరుగెత్తాడు. పలక కదిలిపోయింది. వెనక్కి పడబోతుంటే ఒక చెయ్యి వచ్చి భుజం పట్టుకుని నిలబెట్టింది. ఆ చెయ్యి పెద్దసారుది.

ఎర్రబల్బు ఆరింది.

"ఆ పరుగు! ఏం పరుగండీ అది!" అంటూ లెక్చరరుగారు ఇటు తిరిగి, సగంలో నోరు మూసుకున్నారు. మంత్రులు చూశారు, సేనాపతి చూశాడు. రాజుగారు అందరికంటే ముందు తలుపు దాటారు. రెండు నిమిషాల్లో స్టూడియో ఖాళీ. లెక్చరరుగారికి ఎవరో బయట పిలుస్తున్నారని గుర్తొచ్చింది. అక్కయ్య వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. చప్పుళ్ళాయన వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

"నేను ఇలా నడిచేవాణ్ణా?" అన్నారు పెద్దసారు.

కాదంటే బతికిపోవచ్చు. మా మామగారి నడకండీ అనొచ్చు. కానీ భుజం మీద ఆ చెయ్యి పట్టు ఇంకా వెచ్చగానే ఉంది.

"అవును సార్. వెక్కిరించాలని కాదు సార్. భయపెట్టే చప్పుడు కావాలన్నారు. నాకు తెలిసిన భయం అదొక్కటే."

"బూట్లు బాగు చేయించింది అందుకేనా?"

"అందుకే సార్."

పెద్దసారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఏ ఊళ్ళో మీటింగు జరిగినా చెప్పేవాణ్ణయ్యా. మా స్టేషన్లో వాళ్ళు కష్టజీవులు, ఎప్పుడు వెళ్ళి చూసినా పనిలోనే ఉంటారు అని. వాళ్ళంతా నవ్వుకుని ఉంటారు." వంగి కొత్త అడుగుని వేలితో నొక్కి చూసుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "సరేగానీ, ఎడమకాలు మరీ అంతలా ఈడుస్తున్నావేం? నేను అంత ఈడ్వను," అన్నారు.

"ఈడుస్తారు సార్."

"ఈడ్వనయ్యా."

"ఈడుస్తారు సార్. భోజనం తర్వాతయితే ఇంకాస్త."

అనేశాక ఏమన్నాడో అతనికే వినబడింది. పెద్దసారు లేచి నిలబడ్డారు. తన బూట్లు విప్పి అతని చేతికిచ్చారు. "నీవి ఇలా తే," అన్నారు.

రాజుగారి బూట్లు తొడుక్కుని పెద్దసారు పలక ఎక్కారు. నాలుగడుగులు నడిచారు. చెవి ఒగ్గి, మళ్ళీ నాలుగడుగులు నడిచారు. పలక దిగారు.

"ఊఁ," అన్నారు.

ఆ బూట్లతోనే తలుపు తీసుకుని నడవాలోకి వెళ్ళారు. టప్... స్స్... కిర్ర్. ఆదివారం కాబట్టి డ్యూటీలో ఉన్నది నలుగురైదుగురే. ఉన్నంతలోనే ఎక్కడో ఒక కుర్చీ కీచుమంది. ఒక సొరుగు దభీమని మూసుకుంది. టైపు మిషను ఒకటి ఉన్నట్టుండి టకటకలాడటం మొదలుపెట్టింది. పెద్దసారు ఆగారు. టైపు మిషను నెమ్మదించింది. ఆయన ఒక్క అడుగు వేశారు. అది మళ్ళీ పరుగందుకుంది. ఆగారు. తగ్గింది. రెండడుగులు వేశారు. ఈసారి రెండు మిషన్లు కొట్టుకున్నాయి. పెద్దసారు భుజాలు కదులుతున్నాయి. ఆయన నవ్వుతున్నారో ఏం చేస్తున్నారో వెనకనుంచి చూస్తున్న చప్పుళ్ళాయనకి తెలియలేదు.

అక్కణ్ణుంచే, వెనక్కి తిరక్కుండా, "వచ్చే ఏడు ఏ నాటకం రాస్తాడటయ్యా మీ లెక్చరరు?" అని అడిగారు.

"అడగలేదు సార్."

"అడిగి తెలుసుకో. ఏమేం చప్పుళ్ళు కావాలో ముందే చూసుకోవాలిగా నువ్వు."

పెద్దసారు మలుపు తిరిగి వెళ్ళిపోయారు. ఆ మాటకి అర్థమేమిటో చప్పుళ్ళాయనకి బోధపడటానికి కాస్త సమయం పట్టింది. పట్టాక, ఎక్కడికీ వెళ్ళని మెట్లమీద కూలబడ్డాడు. ముందు ఇంటికెళ్ళి భార్యకి చెప్పాలి, చెప్పాలంటే లేవాలి, లేవడానికి కాళ్ళు ఒప్పుకోవడంలేదు. అప్పుడు చూసుకున్నాడు. పెద్దసారు మెత్తటి బూట్లు ఇంకా తన ఒళ్ళోనే ఉన్నాయి. వీటిని ఆయన గదిలో పెట్టి వెళ్ళాలా, ఇంటికే పట్టుకెళ్ళి ఇవ్వాలా, దారిలో గుమాస్తాలెవరైనా ఎదురైతే ఇవి నా చేతిలో ఎందుకున్నాయని చెప్పాలి అని కొత్తగా ఇంకో భయం పట్టుకుంది.